అత్తగారి గింజ

మొన్న ఉప్పలగుప్తం అవతల నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. పైగుడ్డ తలకి చుట్టుకుని, మోకాళ్ళ దాకా ఎండిన బురదతో మా వీధి అరుగు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"కూర్చోడానికి రాలేదండీ. మీ మేనత్తగారి గింజ ఓ కుంచెడు ఉంటే ఇప్పిస్తారేమోనని వచ్చేనండీ," అన్నాడు.

మా మేనత్త పోయి తొమ్మిదేళ్ళయింది. తద్దినం నాడు తప్ప ఆమె మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎక్కడో ఆరేడు కోసుల అవతల ఉన్న మనిషి నోట ఆమె ప్రస్తావన వినేసరికి నేనే గడప దాటి బయటికి వచ్చాను.

"ఉప్పెన తీసి రెండేళ్ళయింది కదండీ. మా పొలం ఇంకా తేరుకోలేదు. రెండు వానాకాలాలు సార్వా జల్లేం. మొలక వస్తుంది, జానెడు లేస్తుంది, ఎర్రబడి చచ్చిపోతుంది. వచ్చే సార్వా కూడా ఇంతే అయితే, పిల్లాజెల్లాతో ఊరొదిలి పోవాల్సిందేనండీ. ఇదివరకటి ఉప్పెన అప్పుడు మా నాన్నగారు మీ అత్తగారి దగ్గర దోసెడు గింజ పట్టికెళ్ళేరు. దాంతోనే బతికేమండీ."

"మరి ఆ గింజ ఏమైంది?"

ఆయన తల దించుకున్నాడు. "కాలువ వచ్చేక ఎవరు దాచేరండీ? తెల్లబియ్యం మరిగేం. మీ ఇంట్లో మాత్రం ఉండకుండా ఎక్కడికి పోతుందిలే అని వచ్చేనండీ."

మజ్జిగ ఇప్పించి, చూసొస్తానని లోపలికి వెళ్ళాను. గాదె పక్కన ఆమె కుండ ఉంది. మూత మీద సున్నంతో మూడు చుక్కలు, ఆమె తన చేత్తో పెట్టుకున్న గుర్తు. కుండ నిండా గింజలున్నాయి. దాని ముందు చతికిలబడ్డాను.

మా మేనత్త పొట్టి మనిషి. నడుము వంగి ఉండేది. అది ముసలితనం తెచ్చిన వంపనుకునేవారు చూసినవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె అలా ఉంది, అప్పటికి నలభై కూడా లేవు. ఎప్పుడూ నేల చూస్తూ, గట్టు వెంట, మొక్క మొక్క దగ్గరా ఆగి నడిచేది. మధ్యలో ఉన్నట్టుండి కూర్చుని చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకునేది. కాసేపు చప్పరించి తుపుక్కున ఉమ్మేది. "నిన్నటికంటే పెరిగింది," అనేది. లేదా, "వానకి కాస్త చచ్చింది," అనేది. ఉప్పు సంగతి. చప్పిడి కూడు తినే మనిషికి ఆ ఒక్క ఉప్పే దక్కిందని ఆడవాళ్ళు వెనకాల నవ్వేవారు. నాకూ ఓసారి చిటికెడు మట్టి చేతిలో పెట్టి, "నాలిక మీద వేసుకోరా, తెలుస్తుంది," అంది. ఛీ అని విదిలించేశాను. "నీ జిమ్మడ, నీ పొలాన్ని నువ్వే అసహ్యించుకుంటే ఎలాగరా?" అంది.

పదిహేడో ఏట బొట్టు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిందట. మా తాతగారు పోయాక మా నాన్న, బాబాయి పొలం పంచుకున్నారు. ఆడపడుచుకీ ఏదో ఒకటి ఉండాలి కదా అని, ఉప్పుటేటి పక్కన ఎకరం కూడా లేని ఒక చెక్క ఆమెకి వదిలారు. పోటు వచ్చినప్పుడల్లా ఏటి నీళ్ళు ఎక్కి, ఎండకి తెల్లగా పొక్కుతూ ఉండే చవుడు నేల. మేకలు కూడా అటు పోవు. మా నాన్న మాత్రం వచ్చినవాళ్ళ ముందల్లా, "మా చెల్లెలికి అన్యాయం చెయ్యలేదండీ, భూమి ఇచ్చేం," అని చెప్పుకునేవాడు. వినేవాళ్ళు తలూపేవారు. చెల్లెలు వాకిలి ఊడుస్తూ ఉండేది.

ఆ చెక్కలో ఆమె మొదటి ఏడు ఓ బుట్టెడు విత్తనం జల్లింది. పదకొండు మొక్కలు బతికాయి. పదకొండు! ఊరంతా ఆ సంగతి చెప్పుకుని చెప్పుకుని నవ్వింది. ఆమె ఆ పదకొండు కంకులనీ వేళ్ళతో తెంపి కొంగున ముడేసుకుని వచ్చి, కుండలో పోసి మూత పెట్టింది. మరుసటేడు ఆ గింజలే జల్లింది. ఆ మరుసటేడు అందులో బతికినవి. మూడో ఏటికి పిచ్చిక నోటికి సరిపడా పండింది. ఏడో ఏటికి చెక్క సగం పచ్చబడింది. గింజ సన్నం, ఎర్రన. కొసకి నల్లటి మీసం. వండితే ముతక. మా ఇంట్లో ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఊళ్ళో దాని పేరు ముండ గింజ. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అన్నప్పుడు ఎవరికీ సిగ్గు వెయ్యలేదు. నేనూ అన్నాను.

విత్తనం విషయంలో మాకో పద్ధతి ఉంది. కోతలకి ముందు మా నాన్న తలస్నానం చేసి, తడిబట్టతో, అన్నిటికంటే బాగా పండిన నడిమి చేలో దిగేవాడు. బరువుకి వంగిపోయిన కంకులు ఏరి, పసుపు రాసి, కుచ్చు కట్టి చూరుకి వేలాడదీసేవాడు. మరుసటేటికి అదే విత్తనం. ఆ కుచ్చు మీద విధవ నీడ పడకూడదు. అందుకని మేనత్త దూరంగా పశువుల సావిడి దగ్గర కూర్చుని చూసేది. ఓసారి ఉండబట్టలేక అనేసింది.

"అన్నయ్యా, బాగా తిన్న చేలో బాగా తిన్న కంకి ఏరేవు. ఏరు పొంగిననాడు అది ఆగుతుందో లేదో నీకెలా తెలుస్తుంది?"

"మంచి పని చేస్తుంటే ఆ అపశకునం మాటలేంటే?" అని మా నాన్న కసిరాడు.

ఆమె లేచి సావిడిలోకి వెళ్ళిపోయింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మాట్లాడనిచ్చే ఇల్లూ కాదు.

కానీ మా నాన్నకి ఆ చెక్క పచ్చబడడం కంట్లో నలుసైంది. తానిచ్చిన చవుట్లో చెల్లెలు పండించడమా! ఆ కిటుకేదో కనిపెట్టాననుకుని, ఓ ఏడు మా మేలు విత్తనాన్ని గోనెలో కట్టి ఉప్పుటేట్లో మూడు రోజులు నానేశాడు. "గింజకి ఉప్పు అలవాటు చెయ్యాలిరా, అంతే. మీ అత్త రహస్యంగా చేసేది ఇదే," అన్నాడు నాతో. ఆమె చెక్క పక్కనే మా పొలం కొసన జల్లించాడు. వారం రోజులు రోజూ వెళ్ళి చూశాడు. మొలకే రాలేదు. వచ్చి వాకిట్లో నిలబడి, "దాని చేతిలో ఏదో ఉంది, క్షుద్రం," అన్నాడు.

మేనత్త చేట పక్కన పెట్టి మొదటిసారి అన్నగారి కళ్ళలోకి చూసి మాట్లాడింది. "నా చేతిలో ఏం లేదన్నయ్యా. నా మొక్కలు కూడా ఉప్పు నేర్చుకోలేదు. పడనివి చచ్చిపోయేయి. పడినవి మిగిలేయి. వాటి పిల్లల్లో మళ్ళీ పడనివి చచ్చేయి. ఉప్పే చేసింది ఆ పనంతా. మిగిలినదాన్ని నేను ఏరుకున్నాను, అంతే."

"అంతేనా?" అన్నాడు మా నాన్న వెటకారంగా.

"అంతే. నీకు ఓపికుంటే నువ్వూ ఏరుకో."

ఓపిక! మా వంశంలో అది ఆమెకొక్కదానికే వచ్చింది.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు, పెళ్ళయిన కొత్తలో, ఒక సంగతి జరిగింది. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. చెక్కలో ఉప్పు పైకి తేలింది. నేను అటుగా వెళుతూ చూస్తే ఓ మూల మొక్కలు కొసలు ఎర్రబడి వాలిపోతున్నాయి. జాలేసింది. ఎందుకు అబద్ధం, అత్త మెచ్చుకుంటుందని ఆశ కూడా వేసింది. దగ్గర్లో మంచినీళ్ళ గుంట ఉంది. కావిడితో నీళ్ళు మోసి ఆ మూలంతా తడిపాను. మూడు రోజులు మోశాను. మొక్కలు తలెత్తాయి. నాలుగో రోజు నేను కుండతో నీళ్ళు పోస్తూ ఉండగా ఆమె వచ్చింది. గట్టు మీద నిలబడిపోయి చూసింది. చరచరా వచ్చి నా చేతిలో కుండ లాక్కుని గట్టుకేసి కొట్టింది.

"ఎవరు పొయ్యమన్నారురా నిన్ను?"

"చచ్చిపోతున్నాయి అత్తా..."

"చావనీ! చచ్చేవి ఏవో, బతికేవి ఏవో నాకు తెలియాలి. ఇప్పుడేది నీ నీళ్ళతో బతికిందో, ఏది దానంతటది బతికిందో ఎలా చెప్పనురా నేను? ఈ చేతగానివన్నీ కంకులేసి నా కుండలో దూరతాయి. పదేళ్ళు ఏరేను, పదేళ్ళు! మూడు రోజుల్లో కలిపేసేవు."

అని, వంగి, నేను నీళ్ళు పోసిన మూలంతా పీకేసింది. ఒక్క మొక్క ఉంచలేదు. బాగా పచ్చగా నిలబడినవాటిని కూడా పీకింది. పీకుతూ ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకదే మొదలు, అదే ఆఖరు. నేను కూడా దిగి పీకబోతే చెయ్యి తోసేసింది.

అంతా అయ్యాక గట్టు మీద కూర్చుని, మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా అంది. "జాలి మంచిదేరా. తిండి గింజ మీద చూపించు. విత్తనం మీద చూపించకు."

పీకిన మొక్కల కేసి చూస్తూ, "నా మీద ఎవరు పోసేరురా మంచినీళ్ళు?" అంది.

ఆ తర్వాత రెండేళ్ళకి ఉప్పెన వచ్చింది. మనుషులూ పశువులూ పోయినవి పోగా, నీళ్ళు తీశాక పొలాలన్నీ తెల్లగా పొక్కాయి. ఆ ఏడు సార్వా మొత్తం మాడిపోయింది. ఎవరి మేలు విత్తనమూ అక్కరకి రాలేదు. మా నాన్న పసుపు రాసిన కుచ్చు కూడా. అల్లవరం నుంచి మా ఊరి దాకా ఉప్పుటేటి పొడుగునా పచ్చగా నిలబడింది ఒక్క మా మేనత్త చెక్క.

అప్పుడు చూడాలి. పొద్దున్నే ఆమె ఎదురొస్తే వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కునే పెద్దమనుషులు మా సావిడి ముందు బారులు తీరారు. "అత్తగారూ, ఓ దోసెడు ఇప్పించండీ," అని అడిగేవాళ్ళే అందరూ. ముండ గింజ ఒక్క రోజులో అత్తగారి గింజ అయిపోయింది! ఆమె ఎవరినీ దెప్పలేదు. నేనైతే దెప్పి ఉండేవాణ్ణి. దోసిలితో పోసి, ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్పేది.

"ఏటా చారెడు చవుట్లో జల్లండి నాయనా. మరుసటేటి విత్తనం అక్కడ మిగిలినదాంట్లోంచే తియ్యండి. మంచి చేలోది తియ్యొద్దు."

"ఆయ్, అలాగేనండీ," అనేవారు అందరూ. మా నాన్న కూడా చెయ్యి చాపాడు. ఆయనకి రెండు దోసిళ్ళు పోసింది.

తర్వాత పదిహేనేళ్ళకి దొరలు ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కట్టారు. కాలువ మా దాకా వచ్చింది. ఎర్రటి తియ్యటి నీళ్ళు చేల నిండా పారుతుంటే జనం కాలువకి హారతులు పట్టారు. ఇక ఉప్పు మాటే లేదన్నారు. మేనత్త కూడా వచ్చి, ఆ నీళ్ళు పుక్కిట పట్టి చప్పరించి, "బాగున్నాయి," అంది. అని తన చెక్కకి వెళ్ళిపోయింది. కాలువ నీళ్ళు తన గట్టు దాటి రాకుండా ఇంకో బుట్టెడు మట్టి వేసింది. దాన్ని చూసి ఊరు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

ఆమె పోయేముందు నెల్లాళ్ళు మంచాన పడింది. మా నాన్న అప్పటికే లేడు. ఓ మధ్యాహ్నం నన్ను పిలిపించింది. మంచం కింద కుండ చూపించి, "ఇది నీదేరా. చెక్క కూడా నీదే," అంది. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఒక్కటే అడుగుతాను. ఆ చెక్కని బాగుచెయ్యకు. చవుట్ని చవుడుగానే ఉంచు. ఏటా ఇందులోంచి అక్కడ జల్లు. ఉప్పు తగలకపోతే ఇది నిలవదురా. మంచి గింజలు దాన్ని తోసేస్తాయి. ఈ ఒక్క పనీ చేస్తావా?"

"ఆయ్, చేస్తాను అత్తా," అన్నాను.

"నీకు జాలెక్కువ," అంది నా మొహం చూసి. "అదే నా భయం."

రెండేళ్ళు మాట నిలబెట్టుకున్నాను. దిక్కుమాలిన రెండేళ్ళు. మూడో ఏడు పక్క చేల మీద కాలువ నీళ్ళు అలా పారుతుంటే, ఆ ముక్క ఒక్కటీ పొక్కిపోయి పడి ఉండడం చూడలేకపోయాను. వచ్చేపోయేవాళ్ళు, "ఏంటండీ, ఈ ముక్కని ఇలా వదిలేసేరు?" అనేవారు. నాకు చిన్నతనంగా ఉండేది. బోదె తవ్వించి కాలువ నీళ్ళు పెట్టించాను. రెండు వానాకాలాలు కడిగేసరికి ఉప్పంతా దిగిపోయింది. ఇప్పుడు బతికుంటే అత్త ఎంత సంతోషించేదో అని మా ఆవిడతో అన్నాను కూడా. నా తలకాయ!

విత్తనం మాత్రం వదల్లేదు. అత్తగారి గింజ అని వేరే మడిలో వేసి, నేనే స్వయంగా ఏరేవాణ్ణి. ఎలా ఏరాను? మా నాన్నలాగే, తలస్నానం చేసి, బరువుకి వంగిన కంకులు. బక్కవి, ఎర్రవి, మీసాలవి తినడానికి పంపించి, లావుపాటివి కుండలో పోశాను. ఏడాదికేడాదికీ గింజ బలిసింది. తెల్లబడింది. మీసం పోయింది. "అత్తగారి గింజ మీ చేతిలో ఎంత బాగుపడిందండీ!" అన్నారు జనం. నేను పొంగిపోయాను. ఆ చెక్క ఇక మంచి నేలే కదా అని కొబ్బరి మొక్కలు కూడా పాతించాను.

మొన్నటి ఉప్పెన తీశాక నేను మాత్రం బెంగపడలేదు. మా దగ్గర అత్తగారి గింజ ఉంది కదా. ఊరంతా చూస్తుండగా ఏటి పక్క పొలం మొత్తం అదే జల్లించాను. జానెడు లేచింది. ఎర్రబడింది. కుప్పకూలింది.

ఇదీ నేను ఆ కుండ ముందు చతికిలబడి తలుచుకున్నది. బయట ఆయన దగ్గాడు. నేను లేచి, మూత తీసి, దోసెడు గింజ తీసుకుని బయటికి వెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో చెప్పనా? ఇచ్చి పంపేద్దామనే. ఆయన దగ్గర చెల్లిపోతుందేమో, మా ఇంటి పరువు నిలబడుతుందేమో అని. ఆ బుద్ధి పుట్టినందుకు నన్ను నేను క్షమించుకోలేను.

ఆయన గింజలు అరచేతిలో పోసుకుని, ఎండకి పెట్టి చూశాడు. నాలుగు గింజలు అరచేతుల మధ్య నలిపి ఊక ఊదాడు. తెల్లటి బియ్యం మిగిలింది.

"ఇది కాదండీ," అన్నాడు మెల్లగా, నన్ను నొప్పించకూడదన్నట్టు. "అది సన్నమండీ. ఎర్రగా ఉండేది. కొసకి నల్ల మీసం ఉండేది. ఇది బాగా తిన్న గింజండీ."

ఆ నాలుగు బియ్యపు గింజలనీ ఇంకోసారి ఎండకి పెట్టి చూశాడు.

"పోనీ ఆవిడ చెక్క ఉంది కదండీ. అక్కడేమన్నా పాత మొక్క ఒక్కటైనా మిగిలుంటే నేనే ఏరుకుంటానండీ. ఎన్నేళ్ళయినా పడతాను."

"అక్కడ కొబ్బరి వేశాను."

"ఆయ్," అన్నాడు. అరచేతిలో గింజలని వేలితో కదిపాడు. "మరి ఇదైనా మీరు చవుట్లో జల్లి చూసేరాండీ?"

"చూశాను."

"ఎన్ని బతికేయండీ?"

మా అత్తకి పదకొండు బతికాయి. ఆ పదకొండుకి నవ్విన ఊరు మాది.

"ఒక్కటీ లేదండీ," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని తెరిచి, ఒక్క గింజ కింద పడకుండా అన్నీ నా అరచేతిలో తిరిగి పోశాడు. "వస్తానండీ," అని బయల్దేరాడు. వీధి కొసన మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఏటి పక్కకి వెళ్ళాను. కొబ్బరి మొక్కలు ఏపుగా ఉన్నాయి. వాటి మధ్య నేలకి చేతులు ఆనించి, వంగి, మూల మూలా వెతికాను. నల్ల మీసం ఎక్కడా లేదు. నేల మాత్రం ఉప్పెనకి మళ్ళీ తెల్లగా పొక్కి ఉంది. చిటికెడు మట్టి తీసి, జన్మలో మొదటిసారి, నాలిక మీద వేసుకున్నాను.

ఉప్పగా ఉంది.